దస్తీ చుట్టిన చేయి

నా చిన్నప్పుడు నేను పట్టుకున్నట్టు నటించిన చేయి ఒకటుంది. అందరూ చూస్తుండగా చేయి చాచాను, బిగించాను, నవ్వాను కూడా. కానీ నా అరచేతికీ ఆ పిల్ల అరచేతికీ నడుమ ఒక దస్తీ, అంటే చేతిరుమాలు, ఉంది. ఆ దస్తీ జారింది, ఆ పిల్ల పడింది. ఎవరు వదిలారని టీచరమ్మ అడిగితే ఆ పిల్లే వదిలిందని చెప్పాను. తప్పు మొదటే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి, అప్పుడు బయటపెట్టి, ఎంత నిజాయితీపరుడో అనిపించుకునే అర్హత నాకు లేదు.

ఇన్నేళ్ల తరువాత ఇది రాయడానికి కారణం కోపం. మొన్న మా మిర్యాలగూడలో, మేం చదువుకున్న బడిలో, పాత విద్యార్థుల సభ పెట్టారు. నా ఈడు వాళ్లం వేదిక మీద శాలువాలు కప్పుకుని కూర్చున్నాం. ఒకరి తరువాత ఒకరు మైకు పట్టుకుని ఒకటే మాట చెప్పారు. "మా కాలంల కులం లేదు, గిలం లేదు. అందరం ఒక్క కంచంల తిన్నట్టు పెరిగినం. ఇప్పుడే లోకం చెడిపోయింది." కింద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతున్న నా చేతులను చూసుకుంటే నాకు ఒళ్లు మండింది. ఎక్కడుంది ఆ ఒక్క కంచం? నేనైతే చూడలేదు. మా మిల్లు వెనక పంపు దగ్గర బోర్లించి ఉండే సొట్ట గ్లాసును మాత్రం రోజూ చూశాను. అది ఎవరి కోసమో ఆ వేదిక మీద కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు.

మాది రైసు మిల్లు. ఉడికిన వడ్లను ఆరబోయడానికి మిల్లు వెనక పెద్ద సిమెంటు కల్లం ఉండేది. త్రిపురారం వైపు లంబాడా తండాల నుంచి ఆడవాళ్లు తెల్లవారకముందే వచ్చేవాళ్లు. ఆవిరి కక్కుతున్న వడ్లను కల్లమంతా పరిచి, అరికాళ్లు నేలకు రాస్తూ, వాటి నడుమ నడిచేవాళ్లు. వాళ్లు నడిచిన చోట సాళ్లు పడేవి. ఈ వైపు ఎండగానే మళ్లీ అడ్డంగా నడిచి కొత్త సాళ్లు తీసేవాళ్లు. వడ్లు సమానంగా ఎండాలంటే అప్పట్లో అదే దారి. ఎండాకాలంలో ఆ సిమెంటు మీద మేం చెప్పులతో నిలబడలేకపోయేవాళ్లం. వాళ్లు పొద్దంతా ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లు. ఆ పాదాల కింద ఆరిన బియ్యమే మా నాయనమ్మ మడి కట్టుకుని వండేది, దేవుడికి నైవేద్యం పెట్టేది. అదే నాయనమ్మ, ఆ ఆడవాళ్లు ఇంటి దగ్గర దాహమడిగితే, వాళ్ల చేతికి మా గ్లాసు తగలకుండా పైనుంచి నీళ్లు పోసేది. పాదం తగిలిన బియ్యం దేవుడికి పనికొచ్చింది, చేయి తగిలిన గ్లాసు మాకు పనికిరాలేదు. ఇందులో తిరకాసు ఏమిటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అన్నం తింటూ నేనూ అడగలేదు.

ఆ ఆడవాళ్లలో ఒకామె కూతురు నాతోపాటు ఏడో తరగతి చదివేది. బడి అయ్యాక కల్లం దగ్గరికి వచ్చి తల్లి కోసం ఎదురుచూసేది. ఆమెకు పేరుంది, హాజరు పిలిచేటప్పుడు పంతుళ్లు పలికేవాళ్లు కూడా. మేం మాత్రం 'తండా పిల్ల' అనేవాళ్లం. తల్లిని "యాడీ" అని పిలిస్తే వెనక నుంచి "యాడికి? యాడికి?" అని ఎగతాళి చేసేవాళ్లం. అది నాకు అప్పట్లో చాలా తెలివైన హాస్యంగా తోచింది.

మా సైన్సు టీచరమ్మ కోదాడ వైపు మనిషి. మేం 'ఉంటది' అంటే ఆమె 'ఉంటుంది' అనేది. ఆ మాటతీరుకు కూడా మేం నవ్వుకునేవాళ్లం, కానీ ఆమె పాఠం మొదలుపెడితే నవ్వు ఆగిపోయేది. ఆ ఏడాది సూర్యాపేటలో బడిపిల్లల సైన్సు ప్రదర్శన ఉందని, మన బడి నుంచి పరమాణువును చూపిద్దామని ఆమె అంది. బడిలో సామాను అంటూ ఏమీ లేదు. సామాను అక్కర్లేదు, మీరున్నారుగా అంది.

మా మిల్లులో బాయిలరు చెడిపోయి కల్లం ఖాళీగా పడి ఉన్న రోజు, మా నాన్నను అడిగి మమ్మల్ని అక్కడికి తీసుకొచ్చింది. మొదట కల్లం నట్టనడుమ ఒక్క వడ్లగింజ పెట్టింది. ఇది కేంద్రకం అనుకోండి అంది. ఎలక్ట్రాన్ ఎక్కడుంటుందో చెప్పమంటే మేం గింజ పక్కనే చూపించాం. ఆమె ఇద్దరు పిల్లల్ని పట్టుకెళ్లి కల్లం అంచున, గోడకు ఆనించి నిలబెట్టింది. ఎలక్ట్రాన్లు అంత దూరంలో తిరుగుతుంటాయి, ఈ నడుమ అంతా ఖాళీయే అంది. మాకు నమ్మకం కలగలేదు.

దూరంగా కుర్చీలో కూర్చుని వింటున్న మా గుమాస్తాకు అసలే నమ్మకం కలగలేదు. "గంత ఖాళీ అయితే టీచరమ్మా, మా బస్తాకు తూకం యాడికెల్లి వస్తున్నది?"

"బరువు దాదాపు అంతా ఆ గింజలోనే ఉంటుందండీ."

"అట్లనా. అయితే అది మా సేటు అసొంటిదన్నట్టు. నడుమ కూసుంటది, బరువంతా దానిదే."

టీచరమ్మ కూడా నవ్వింది. మా నాన్న వినలేదు కాబట్టి సరిపోయింది.

తరువాత ఆమె గింజ లోపలికి వెళదాం అంది. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. ప్రోటాన్లకు ధనావేశం. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. న్యూట్రాన్‌కు ఏ ఆవేశమూ లేదు. మరి దానికి అక్కడేం పని అని అడిగింది. ఏ పనీ లేదు, ఉత్తగా ఉంటది అన్నాం మేం. వెనక నుంచి ఆ పిల్ల మెల్లగా అంది. "రెండు కోడెలు కుమ్ముకుంటుంటే నడుమ ఎవరన్న నిలవడాలె గద టీచర్."

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను అంది టీచరమ్మ. ప్రోటాన్లు రెండే ఉంటే నిలవవు, విడిపోతాయి. న్యూట్రాన్లు వచ్చి చేరితేనే కేంద్రకం నిలబడుతుంది. ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్‌కు కూడా పట్టుకునే బలం ప్రోటాన్‌తో సమానంగా ఉంటుంది. అప్పుడు ఇంకొక మాట చెప్పింది. ఆ బలం ఆనుకుని ఉన్నంత దగ్గరలోనే పనిచేస్తుందట. నడుమ ఏమాత్రం ఎడం వచ్చినా పట్టు లేదు, కేంద్రకమూ లేదు.

దాన్ని చూపించడానికి ఆమె ఎంచుకున్నది ఒప్పులకుప్ప. పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు పట్టుకుని, వెనక్కి వాలి గిర్రున తిరిగే ఆడపిల్లల ఆట. హీలియం కేంద్రకంలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. నేనూ గుమాస్తా కొడుకూ ప్రోటాన్లం. మా వీధి బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి ఒక న్యూట్రాన్, తండా పిల్ల ఇంకొకటి. నాకు కుడి చేతిలో మా వీధి అమ్మాయి, ఎడమ చేతిలో తండా పిల్ల. వెనక్కి వాలడం మేం తోసుకోవడం, చేతులు మమ్మల్ని కలిపి ఉంచే బలం. ఎవరి చేయి విడిచినా అందరం పడతాం. సూర్యాపేటలో మేం ఇలా తిరిగి ఆగాక, తండా పిల్ల ముందుకొచ్చి సంగతంతా వివరించాలి. ఆ మాట వినగానే ఆ పిల్ల ముఖం ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె సూర్యాపేట చూడలేదు. మైకు ముందు నిలబడడం కన్నా ఆమెకు అప్పుడు లోకంలో పెద్ద సంగతి లేదు.

ఇంటికెళ్లి నేను ఈ ఆట గురించి గొప్పగా చెప్పుకున్నాను. నాయనమ్మ ఆడొద్దనలేదు. ఆమె మంచిది, నన్ను ప్రాణంగా చూసుకునేది. "ఆడుకో బిడ్డా, నేనేమన్న వద్దంటున్ననా? గా పిల్ల దిక్కు చేతికి దస్తీ చుట్టుకో. ఇంటికొచ్చినంక తానం చేద్దువుగని." అంతే. అంత ముద్దుగా, తల నిమురుతూ చెప్పింది. విషాన్ని బెల్లంతో పెట్టారని తరువాత తెలిసింది. అయితే తిన్నది నేనే. పన్నెండేళ్ల పిల్లాడికి అది తప్పని తెలియదా అంటే, తెలుసు. తెలియకపోతే దస్తీని ఎవరికీ కనపడకుండా మడతపెట్టి అరచేతిలో దాచుకునేవాణ్ని కాదు.

మరునాడు అదే కల్లంలో మళ్లీ సాధన. కుడి వైపు మా వీధి అమ్మాయి చేయి ఉత్త చేత్తోనే పట్టుకున్నాను. ఎడమ చేతిలో దస్తీ. ఆడపిల్ల చేయి పట్టుకోవడానికి సిగ్గుపడ్డానని తరువాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గయితే రెండు చేతులకూ ఉండాలి కదా. ఆ పిల్లకు దస్తీ తగిలింది, ఒకసారి నా ముఖంలోకి చూసింది. దొరికినదాన్నే గట్టిగా పట్టుకుంది. మేం తిరగడం మొదలుపెట్టాం. వేగం పెరిగింది, మేం వెనక్కి వాలాం. గుడ్డ కదా, జారింది. ఆ పిల్ల గుమాస్తా కొడుకు చేతి నుంచి కూడా విడిపోయి, విసురుగా వెళ్లి కల్లం గట్టు మీద కుడి చేయి కిందపెట్టి పడింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

టీచరమ్మ పరుగెత్తుకొచ్చి ఎవరు వదిలారని అడిగింది. కోపంగా కూడా అడగలేదు. "ఆమెనే ఇడిసిపెట్టింది టీచర్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది. ఆ పిల్ల ఏడవలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టును ఒత్తిపట్టుకుంది. కుడి పిడికిలి ఇంకా మూసే ఉంది. టీచరమ్మ ఆ పిడికిలి మెల్లగా విప్పింది. అందులో నా దస్తీ ఉంది. దాన్ని ఒక క్షణం చూసి, దానితోనే ఆ మణికట్టుకు కట్టు కట్టింది. నావైపు చూడలేదు.

గోల విని మా నాన్న, నాయనమ్మ వచ్చారు. అవతల చాటతో నూకలు చెరుగుతున్న ఆ పిల్ల తల్లీ వచ్చింది. ఆ తరువాత జరిగింది నా బతుకులో నేను చూసిన సిగ్గుమాలిన పనుల్లో మొదటిది. మా నాయనమ్మ ఆమెను నిలదీసింది. "నీ బిడ్డకు ఆటలెందుకే? మా పిలగాడు పడితె ఎవ్వరు జవాబు చెప్పేది?" చేయి విరిగిన పిల్ల తల్లి, కూతురును పొదివి పట్టుకుని, మాకే తల వంచింది. "తప్పయింది సేటమ్మా. పిల్లకు తెల్వదు." ఎవరిది తప్పు? ఎవరు ఒప్పుకోవాలి? నేను నాయనమ్మ చీర వెనకే నిలబడి ఉన్నాను.

మా నాన్న దగ్గర జీపు ఉంది. దవాఖాన దూరం కాదు. ఆయన ఒక సంచిలో నూకలు పోయించి ఇచ్చి, కట్టు కట్టే మనిషి దగ్గరికి పొమ్మన్నాడు. దాన్నే అందరూ దయ అన్నారు. టీచరమ్మ తానే దవాఖానకు తీసుకెళతానంది. పిల్ల తండ్రి కుదరదన్నాడు, సేటు చెప్పిన చోటికే పోవాలన్నాడు. సేటు మాట దాటితే తల్లి పని పోతుందని ఆయన భయం. ఎముక వంకరగా అతికింది. పరీక్షల దాకా ఆ పిల్ల రాయలేకపోయింది. టీచరమ్మ తండాకు తిరిగి తిరిగి చెప్పినా, ఆ ఏడాది పోయాక ఇక ఆమె బడికి రాలేదు.

చేయి వదిలేసే పిల్లను నమ్మి సూర్యాపేట తీసుకెళ్లలేమని, టీచరమ్మ ఎంత చెప్పినా వినకుండా, హెడ్మాస్టరు తేల్చేశాడు. ఆమె చెప్పవలసిన మాటలు నన్ను చెప్పమన్నాడు. నేను కాదనలేదు. బస్సులో దారి పొడుగునా ఆ కోడెల మాటను నా మాటగా వల్లె వేసుకున్నాను.

ప్రదర్శనలో మా వంతు వచ్చేసరికి నా ఎడమ పక్కన న్యూట్రాన్ చోటు ఖాళీగా ఉంది. వేరే పిల్లను తీసుకొస్తారనుకున్నాను. టీచరమ్మే వచ్చి ఆ చోట నిలబడింది. పాదం నా పాదానికి ఆనించి, చేయి చాచి, నాకొక్కడికే వినపడేలా అంది.

"ఏమయ్యా, నా చేయి పట్టుకుంటావా, దస్తీ కావాలా?"

ఆమె అదే మెత్తని గొంతుతో ఇంకొక మాట అంది. "మా అమ్మ కూడా కోదాడలో కల్లాల్లో వడ్లు తొక్కిన మనిషే. మీ నాయనమ్మకు చెప్పి, స్నానం చెయ్యమంటే చెయ్యి. ఇప్పుడు మాత్రం గట్టిగా పట్టుకో. పడితే ఇద్దరం పడతాం."

పట్టుకున్నాను. ఆమె అరచేయి సుద్దముక్క పట్టి పట్టి గరుకుగా, వెచ్చగా ఉంది. నాకు ఏమీ కాలేదు. ఏమవుతుందని అన్నేళ్లూ భయపెట్టారో అది కాలేదు. మేం తిరిగాం, ఎవరమూ పడలేదు. ఆగాక నేను ముందుకెళ్లి ఆ పిల్ల మాటలు ఒక్కటీ తప్పకుండా చెప్పాను. చప్పట్లు మోగాయి. ఒక స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు. అక్కడ మైకు ముందే నిజం చెప్పవచ్చు, చెప్పలేదు. టీచరమ్మ చెప్పమని బలవంతపెట్టలేదు. నేనే చెబుతానని ఎదురుచూసిందేమోనని ఇప్పుడనిపిస్తుంది. ఏడాది చివర ఆమెకు బదిలీ అయింది. దాని వెనక మా నాన్న చేయి ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నేనెప్పుడూ ప్రయత్నించలేదు. ఆ గ్లాసును మా నాయనమ్మ దేవుడి గూట్లో పెట్టింది. ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో అడగలేదు.

పెద్ద చదువుల్లో మరికొంత తెలిసింది. ఒక మనిషి ఇంకొక మనిషిని ముట్టుకుంటే ఏం జరుగుతుందో పుస్తకంలో చదివాను. ఈ చర్మం పైనున్న ఎలక్ట్రాన్లూ ఆ చర్మం పైనున్న ఎలక్ట్రాన్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ నెట్టుడునే మనం స్పర్శ అంటున్నాం. ఈ కేంద్రకం పోయి ఆ కేంద్రకాన్ని తాకేది లేదు. మరి ఏ దారిన పోతుంది ఆ అంటు? మా ఇంటివాళ్ల ప్రోటాన్‌కూ తండావాళ్ల ప్రోటాన్‌కూ ఏ ప్రయోగశాలలో తేడా కనిపెట్టారు? ఇదంతా చదివి పరీక్షలు పాసైన నేను, మిల్లుకు యజమానినై వచ్చి ఏం చేశాను? ఆ సొట్ట గ్లాసును అక్కడే ఉంచాను. పరమాణువు గురించి తెలుసుకోవడం వేరు, తెలిసినట్టు బతకడం వేరు అని చెప్పి తప్పించుకోను. నాకు తెలుసు, అయినా చేయలేదు.

ఆ పిల్ల పెద్దదై తల్లితోపాటు మా కల్లంలోనే వడ్లు తొక్కింది. పెళ్లయింది, పిల్లలయ్యారు, అయినా తొక్కింది. నన్ను "సేటూ" అని పిలిచేది. వడ్లు కుప్ప చేసే చెక్కను ఎడమ చేత్తో లాగడం ఆఫీసు కిటికీలోంచి కనపడేది. నేను కిటికీ వైపు వీపు పెట్టుకునేలా కుర్చీ మార్పించుకున్నాను. తరువాత డ్రయ్యర్లు వచ్చాయి, కల్లంతో పని లేకుండా పోయింది, ఆమె రావడమూ ఆగిపోయింది. నాకు హాయిగా అనిపించింది. అది రాయడానికి సిగ్గుగా ఉన్నా, అదే జరిగింది.

సభ జరిగిన మరునాడు పొద్దున్నే తండాకు వెళ్లాను. ఆమె ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తోంది. తల నెరిసింది. నన్ను చూసి కుర్చీ తెమ్మని లోపలికి కేకేసింది. నేను నిలబడే అంతా చెప్పాను. దస్తీ సంగతి, అబద్ధం సంగతి, సూర్యాపేట సంగతి. ఆమె మిరపకాయలు సర్దుతూనే వింది.

"గిది చెప్పనీకి గింత దూరం వచ్చినవా? నాకు తెల్వదా సేటూ? దస్తీ నా చేతిల్నే ఉండె గద."

"అప్పుడే చెప్పకపోయినవా మరి?"

"ఎవ్వరికి చెప్పాలె? మీ నాయనమ్మకా?" అని నవ్వింది. తరువాత నవ్వు ఆపి నా వైపు తిరిగింది. "నాకు చెప్తె ఏమొస్తది? తెల్సినదాన్నే చెప్తివి. మా యాడి సచ్చిపొయ్యేదాక నేనే ఇడిసిన్ననుకున్నది. నీ పిల్ల చేతులు నిలవయ్ అని అందరు అంటుంటె తల దించుకునేది. చెప్తె మందిల చెప్పు. నిన్న మైకు పట్టుకున్నరంట గద, గా మందిల చెప్పు. నా పేరు మాత్రం తియ్యకు. మా మనుమరాలు గాడ్నే చదువుతున్నది."

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు.

మిల్లుకు వచ్చి వెనక్కి వెళ్లి చూస్తే, సొట్ట గ్లాసు పోయి పంపు దగ్గర ప్లాస్టిక్ మగ్గు ఉంది. ఆఫీసులో మాకు కూలరు, స్టీలు గ్లాసులు. కాలం మారి గ్లాసు మగ్గయింది, అంతే. నా కొడుకును అడిగాను. "మనం ఎవ్వరినీ వద్దనలే నాయినా. వాళ్లే గాడ తాగుతరు. అట్లనే నడుస్తది" అన్నాడు. అట్లనే ఎందుకు నడుస్తుందో వాడికి చెప్పవలసినవాణ్ని నేనే. కూలరును గేటు పక్కకు మార్పించాను, అందరికీ అవే గ్లాసులు. దేవుడి గూట్లోని ఆ సూర్యాపేట గ్లాసును కూడా తెచ్చి వాటిలో కలిపేశాను.

తరువాతి సోమవారం బడిలో ప్రార్థన అయ్యాక, హెడ్మాస్టరును అడిగి మైకు తీసుకున్నాను. వేదిక మీద నాతో కూర్చున్నవాళ్లను కూడా పిలిపించాను. గుమాస్తా కొడుకు గేటు దగ్గరే నా మోచేయి పట్టుకున్నాడు. "పాత కతలు ఎందుకురా ఇప్పుడు? గౌరవంగ ఉన్నవు, ఉండు." ఆ గౌరవమే నాకు గిట్టడం లేదన్నాను. చేయి ఎవరు వదిలారో, ఎందుకు వదిలారో పిల్లలందరికీ చెప్పాను. పేరు తీయలేదు. ఒక్క కంచం మాట అబద్ధమని, ఆ అబద్ధానికి మొన్న నేనూ చప్పట్లు కొట్టానని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. ఉండకూడదు కూడా.

అది విన్న ఇప్పటి సైన్సు టీచరు ఆ వారమే పిల్లల్ని తీసుకుని మా పాత కల్లానికి వచ్చాడు. గింజ నడుమ పెట్టారు, ఎలక్ట్రాన్లు గోడ దగ్గరికి పరుగెత్తారు. తండా నుంచి ఆమె కూడా మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది, తాను పడిన చోటికి కొంచెం ఇవతల. పిల్లలు వేళ్లతో వేళ్లు పట్టుకుంటుంటే ఆమె అక్కడినుంచే అరిచింది. "వేళ్లు గాదు బిడ్డా, మణికట్టు పట్టుకోవాలె. జారది." మీరు చూపించండి అని పిల్లలు పట్టుబట్టారు.

ఆమె లేచి వచ్చింది. ఇద్దరం ఆ పిల్లల నడుమ, పాదాలు ఆనించి నిలబడ్డాం. నా జేబు వైపు చూసి అడిగింది. "దస్తీ తెచ్చుకున్నవా?"

"లేదు."

"మంచిది. ఇగ పట్టు."

తిరిగే వయసు కాదు మాది. కొంచెం వెనక్కి వాలాం, అంతే. వంకరగా అతికిన ఆ ఎముక నా అరచేతి నడుమ గట్టిగా ఒత్తుకుంది. ఆమె నా మణికట్టు బిగించింది. ఇగ చాలు తాతా, ఇడువు, అని పిల్లలు అనేదాకా నేను వదలలేదు.